శవం విధిగా నవ్వవలెను

నాకు చచ్చిపోవడంలో పందొమ్మిదేళ్ల అనుభవం ఉంది. గొప్పకు చెప్పడం లేదు. శుక్రవారం రాత్రి అన్నాలు తిని టీవీ ముందు చేరి, ఎవరో డబ్బున్న పెద్దమనిషి బీరువా పక్కన బోర్లా పడి ఉంటే 'అయ్యో పాపం' అనుకున్నారు చూడండి, ఆ పాపం నేనే. పేరు కొమ్ముల అప్పలనరసయ్య. మాది విజయనగరం పక్కన చిన్న ఊరు. ఉండేది హైదరాబాదు కృష్ణానగర్‌లో. 'తప్పించుకోలేవు' అనే నేర పరిశోధన సీరియల్లో మొదటి సీజన్ రెండో వారం నుంచి శవం వేషం నాది.

ఒకే మనిషి వారం వారం చస్తుంటే జనం పోల్చుకోరా అని అడుగుతుంటారు. పోల్చుకోరు. బతికున్నవాడి ముఖమే సరిగ్గా చూడని లోకంలో చచ్చినవాడి ముఖం ఎవడు చూస్తాడు? మీసం పెడితే వడ్డీ వ్యాపారి శవం, తీస్తే లెక్చరర్ శవం, నెరిసిన విగ్గు తగిలిస్తే రిటైర్డు జడ్జి శవం. మా అత్తగారు మాత్రం ఏ వేషంలో ఉన్నా పట్టేస్తుంది. శనివారం పొద్దున్నే ఊరి నుంచి ఫోన్ చేసి, "ఈ వారం అల్లుడు బాగా పోనాడే" అని మా ఆవిడకు చెబుతుంది. అత్తగారి నోట నా గురించి వచ్చే మంచి మాట అదొక్కటే.

శవం వేషం తేలికనుకునేవాళ్లు ఒకసారి వచ్చి పడుకుని చూడాలి. ముక్కు మీద ఈగ వాలినా కదలకూడదు. మా హీరో ఇన్‌స్పెక్టర్ ప్రళయ్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని రెండు పేజీల డైలాగు చెప్పేదాకా ఊపిరి కడుపులో దాచుకోవాలి. ప్రళయ్‌గా వేసే చక్రపాణిగారికి అరవై దాటి చాలా కాలమైంది, డైలాగు గుర్తుండదు. ఆయన మరచిపోయినప్పుడల్లా నేను మళ్లీ చావాలి.

మా యూనిట్లో ఒక ఆచారం ఉంది. శవం షాట్ అయిపోగానే శవం లేచి కూర్చుని కెమెరా వైపు చూసి నవ్వాలి. దాన్ని కెమెరాలో పట్టాకే ప్యాకప్. ఆ నవ్వు టీవీలో రాదు, అది కీడు పోవడానికి. కెమెరా ముందు పోయినవాడు కెమెరా ముందే నవ్వకపోతే పైవాడు నిజమే అనుకుంటాడని మా డైరెక్టర్ శ్రీశైలం నమ్మకం. దానికి ఆధారం లేకపోలేదు. మొదటి వారం శవం వేసినాయన బస్సు వెళ్లిపోతుందని నవ్వకుండా పరిగెత్తి, బస్టాపులో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలేగా, ప్రాణం కాదుగా అని మీరనొచ్చు. మా వాళ్లకు కాలు చాలు. ఆ కాలు పుణ్యమా అనే ఈ వేషం నాకొచ్చింది.

ఈ ఆచారాన్ని శ్రీశైలం కంటే గట్టిగా పట్టుకున్న మనిషి మా ఆవిడ పైడమ్మ. నేను చచ్చే రోజు తను అన్నం ముట్టదు. నవ్వు షాటు ఫోన్లో పంపిస్తే చూసుకుని, పుస్తెలు కళ్లకద్దుకుని, అప్పుడు కంచం ముందు కూర్చుంటుంది. ఈ ఫోన్లు రాకముందు ఇంటికెళ్లి గుమ్మంలో నిలబడి నవ్వేవాణ్ణి. సీరియల్ మాత్రం తను ఒక్కసారి కూడా చూడలేదు. "నీ సావు సూడ్డానికి నాకేటి కర్మ మావా? నవ్వు పంపు, సాలు" అంటుంది. అందుకని నేను లేచి నవ్వేటప్పుడు కెమెరాను చూసి నవ్వను. అవతల ఆకలితో కూర్చున్న మనిషిని తలుచుకుని నవ్వుతాను. అంతకు మించి నా ముఖానికి నటన రాదు.

ఇలా ఉండగా ఇరవయ్యో సీజన్ వచ్చింది. చానెల్ వాళ్లు ఊరంతా హోర్డింగులు కట్టారు. సరిగ్గా అప్పుడే ఎక్కడో ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. టీవీలో శవం కనిపిస్తే ఇంటికి మైల ఉన్నట్టా, లేనట్టా? తాను మాత్రం ప్రతి శుక్రవారం రాత్రి సీరియల్ అయిపోగానే తలారా స్నానం చేస్తున్నాననీ, చలికాలం వస్తోంది గనక ప్రభుత్వం ఏదో ఒకటి త్వరగా తేల్చాలనీ ఆయన ప్రార్థన.

మామూలుగా ఇలాంటివి చెత్తబుట్టలోకి పోతాయి. ఆ పూట బుట్ట నిండి ఉందో ఏమో, ఇది ఫైలయింది. ఫైలు పైకెళ్లింది. పైన చూసినవాళ్లలో సమాధానం తెలిసినవాడు లేడు, తెలియదని రాసే మొనగాడూ లేడు. మన దగ్గర అలాంటి ప్రశ్నకు ఒక మండలి వేస్తారు. అలా 'దృశ్య మరణాల పర్యవేక్షణ మండలి' పుట్టింది. అధ్యక్షులు పరాంకుశరావుగారు. తూనికలు కొలతల శాఖ నుంచి మత్స్య శాఖ దాకా అన్ని శాఖలూ చూసి, ఎక్కడా పొరపాటున కూడా నవ్వకుండా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి.

మండలి మైల సంగతి మొదటి సమావేశంలోనే తేల్చేసింది. శవం నిజంగా శవమైతే మైల ఉంది, కాకపోతే లేదు. కాబట్టి తెర మీద శవం శవం కాదని ప్రజలకు రుజువు చేసే బాధ్యత చానెల్‌ది. ఇందులో తప్పేముందని నాకూ అనిపించింది. మొదట్లో ఏదైనా అలాగే అనిపిస్తుంది.

మొదటి వారం సిగరెట్టు కాల్చే సీన్లో కింద వేసినట్టు నా కింద అక్షరాలు వేశారు: 'ఈ శవం ఆరోగ్యంగా ఉంది.' బాగానే ఉంది. కానీ చానెల్ తనంతట తాను చెప్పుకున్నది సాక్ష్యం కాదని మండలి అభిప్రాయపడింది. రెండో వారం ఒక డాక్టరుగారిని పంపింది. నిజం డాక్టరే. హత్య జరిగిన గదిలోకి ఇన్‌స్పెక్టర్ ప్రళయ్ కంటే ముందు ఈయన రావాలి, కెమెరా ముందు నన్ను పరీక్షించాలి.

ఆయన వచ్చి నా జబ్బకు పట్టీ చుట్టి గాలి కొట్టి చూశాడు. "బీపీ నూట ఇరవై, ఎనభై. గుండె భేషుగ్గా ఉంది. ఉప్పు కాస్త తగ్గించమనండి" అని చెప్పి, లేచి, "ఇక మీ హత్య మీరు చూసుకోవచ్చు" అంటూ పక్కకు జరిగాడు.

చక్రపాణిగారు నా పక్కన కూర్చుని, నల్ల కళ్లద్దాలు తీసి, "ప్రాణం పోయి ఆరు గంటలైంది" అన్నారు.

"ఎవరు చెప్పారండీ? ఇప్పుడే చూశాను కదా!" అన్నాడు డాక్టరు.

టేకు పోయింది. మళ్లీ చచ్చాను. మళ్లీ బీపీ చూశారు. సాయంత్రానికి నా బీపీ నిజంగానే పెరిగింది. పెరిగిన బీపీతో శవాన్ని చూపించడానికి రూలు ఒప్పుకోదని డాక్టరు పట్టుబట్టాడు.

మూడో వారం పరాంకుశరావుగారే స్వయంగా తనిఖీకి వచ్చారు. వెనక ఇద్దరు గుమస్తాలు, వాళ్ల వెనక కాఫీ ఫ్లాస్కు. ఆయనకు కుర్చీ వేశారు. ఆ వారం నేను బంగారు కొట్టు యజమానిని. గుండెలో కత్తి, కళ్లు తెరిచి పైకప్పు చూస్తున్న శవం. షాట్ ఓకే అయింది. శ్రీశైలం అలవాటు కొద్దీ, "అన్నా, లే. నవ్వు" అన్నాడు. నేను కత్తిపిడితో సహా లేచి కూర్చుని కృష్ణానగర్‌లో ఉన్న పైడమ్మను తలుచుకుని నవ్వాను.

అధ్యక్షులవారు కుర్చీలోంచి చివ్వున లేచారు. "ఏమిది?"

"నవ్వు షాట్ సార్" అన్నాడు శ్రీశైలం.

"దీనిని ప్రసారము చేయుదురా?"

"లేదు సార్. గిది కీడు పోనీకి. మా ఇంటి ముచ్చట."

"అనగా, శవము సజీవమన్న తిరుగులేని సాక్ష్యమును చేత నుంచుకొని పందొమ్మిది సంవత్సరములుగా ప్రజల నుండి దాచితిరి." ఆయన గుమస్తాల వైపు తిరిగారు. "వ్రాసుకొనుడు. ఇకపై ఈ నవ్వు శవము లేచిన తరువాత కాదు, శవముగా ఉన్న కాలమందే జరుగవలెను."

శ్రీశైలం ఒక అడుగు ముందుకు వచ్చాడు. "సార్, పండుకున్న శవం నవ్వుతుంటే ఇగ చంపినోన్ని పట్టుకునుడు దేనికి సార్?"

"అది న్యాయ శాఖ పరిధి. మా పరిధి శవము వరకే."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'శవము తెర మీద కనిపించునంత సేపు విధిగా నవ్వవలెను.' దాన్ని అట్టకు అంటించి సెట్లో అందరికీ కనపడేలా గోడకు వేలాడదీయాలన్నారు, వేలాడదీశాం. గోడ మీద వేలాడేదాన్ని ఎవరు చదువుతారు? ఎవరూ చదవలేదు.

ఆ శుక్రవారం ఇన్‌స్పెక్టర్ ప్రళయ్ గదిలోకి వచ్చి, పళ్లికిలించి పడి ఉన్న నన్ను చూసి, టోపీ తీసి, "ఎంత ఘోరం" అన్నాడు. హతుడి భార్య నా మీద పడి ఏడ్చింది. ఆవిడ ఏడుస్తుంటే నేను ఇంకా నవ్వుతున్నాను. ఆ కాపురం ఎలా సాగిందో జనం తలో రకంగా ఊహించుకున్నారు. అసలు హంతకురాలు ఆవిడేననీ, చంపడం న్యాయమేననీ చానెల్‌కు సందేశాలు వచ్చాయి.

సీరియల్ మూతపడుతుందనుకున్నాం. పడలేదు, పైకి లేచింది. పిల్లలు చూడటం మొదలుపెట్టారు. అంతవరకు మాకు జీవిత బీమా వాళ్లు ప్రకటనలు ఇచ్చేవాళ్లు. వాళ్లు తప్పుకున్నారు, పళ్లపొడి వాళ్లు వచ్చారు. హెడ్మాస్టరుగారు స్నానం మానేసి కృతజ్ఞతలు తెలిపారు. మా అత్తగారొక్కతే బాధపడింది. "అల్లుడు సావడం మర్సిపోనాడే" అని మా ఆవిడ దగ్గర వాపోయింది.

విజయం చూసి ఊరుకుంటే అది మండలి ఎందుకవుతుంది? నవ్వుల్లో క్రమశిక్షణ లోపించిందని సవరణ ఉత్తర్వు తెచ్చారు. విషం తిన్న శవానికి చిరునవ్వు చాలు. కత్తిపోటు శవానికి పై వరుస పళ్లు. తుపాకీ గుండుకు రెండు వరుసలూ. దీన్నీ గోడకు వేలాడదీశాం. పళ్లు చూడటానికి ఒక గుమస్తాను సెట్లో కూర్చోబెట్టారు. అతను మంచివాడే. "పై వరుస ఇంకొంచెం కనపడాలండీ, నా ఉద్యోగం పోతుంది" అని బతిమాలేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చల్లటి నేల మీద పడుకుని నవ్వేవాణ్ణి. దవడలు పట్టేసేవి. మేకప్ మ్యాన్ వచ్చి నొక్కితే గానీ నోరు మూతపడేది కాదు.

అయినా నాకు బాధ లేదు. పని పనే. బాధంతా ఒక మంగళవారం సాయంత్రం మొదలైంది. షాట్ ఓకే అయింది. లేచి కూర్చున్నాను.

"నవ్వన్నా" అన్నాడు శ్రీశైలం.

నవ్వు రాలేదు. పెదాలు కదిలాయి, పళ్లు కనపడ్డాయి, గుమస్తా బాగుందన్నట్టు తలూపాడు కూడా. కానీ లోపలి నుంచి రావలసింది రాలేదు. పైడమ్మను తలుచుకున్నాను. తలుచుకుంటే భయం వేసింది గానీ నవ్వు రాలేదు. శ్రీశైలం ముఖం పాలిపోయింది. "అన్నా, దండం పెడతా, ఒక్కపారి నవ్వే" అన్నాడు. చక్రపాణిగారు నా ముందుకొచ్చి, పందొమ్మిదేళ్లుగా కన్నతల్లికి కూడా చూపించని బట్టతలను విగ్గు తీసి చూపించారు. ఇంకో రోజైతే పొట్ట చెక్కలయ్యేది. ఆ రోజు ఆయన త్యాగానికి కళ్లు చెమ్మగిల్లాయి, అంతే.

చివరికి పళ్లు చూపించిన ముక్కనే పైడమ్మకు పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది.

"ఇదేటి మావా?"

"నవ్వే కదే."

"ఇది సర్కారోళ్ల నవ్వు. నీ నవ్వు నాకు తెల్దేటి? నాది నాకు పంపు."

"రేపు పంపుతాను, నువ్వు తినీ."

"రేపే తింతాను" అని పెట్టేసింది.

ఇంటికెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. పూర్వం లాగా నవ్వుదామని నోరు తెరిచాను. తను తలుపు పట్టుకుని నా ముఖంలోకి చూసి, లోపలికెళ్లి మజ్జిగ తాగి పడుకుంది. మర్నాడూ అంతే. నాకు నిజంగా భయం పట్టుకుంది. సీరియల్ పోతే ఇంకో సీరియల్లో చావొచ్చు. నవ్వు పోతే నా ఇంట్లో కంచం బోర్లించే ఉంటుంది. ఎవరితో చెప్పుకోను? నా నవ్వు నాకు కావాలని అర్జీ పెడితే ఇంకో మండలి వేస్తారు.

గురువారం పైడమ్మ క్యారియర్ పట్టుకుని తిన్నగా సెట్‌కే వచ్చేసింది. వచ్చి గోడవారన స్టూలు మీద కూర్చుని, మూత తీయని క్యారియర్ ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు ఇక్కడే నవ్వు, నాను ఇక్కడే తింతాను" అంది. ముఖం వాడిపోయి ఉంది. శ్రీశైలం కుర్చీ తెచ్చి వేసి, "తినక్కా, నీకు దండం పెడతా" అన్నాడు. తను కదల్లేదు.

ఆ రోజే పరాంకుశరావుగారు మళ్లీ వచ్చారు. రాష్ట్రంలోని చానెళ్లన్నిటిలో శవాలు తలో రకంగా నవ్వుతున్నాయట. ఒకచోట ఇకఇక, ఒకచోట పకపక. ఏకరూపత కోసం ఒక 'ఆదర్శ నవ్వు'ను చిత్రించి అన్ని చానెళ్లకూ పంపాలని మండలి తీర్మానించింది. ఆ నవ్వు ఎవరు నవ్వాలన్న దాని మీద చర్చ జరిగి, అంత బాధ్యతను కింది స్థాయివారికి అప్పగించరాదని తేలి, అధ్యక్షులవారే పూనుకున్నారు.

కోటు విప్పి నా చోట్లో పడుకున్నారు. మేకప్ మ్యాన్ చొక్కాకు ఎర్ర రంగు పూశాడు. శ్రీశైలం కెమెరా తిప్పాడు. ఆయన నోరు తెరిచి రెండు వరుసల పళ్లూ చూపించారు. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంది. గుమస్తాలు చప్పట్లు కొట్టారు. కట్ చెప్పాక ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, కోటు అందుకున్నారు.

"సార్" అన్నాడు శ్రీశైలం, "ఇప్పుడు నవ్వాలె."

"నవ్వితిని కదా."

"అది శవం నవ్వింది సార్. ఇప్పుడు మీరు నవ్వాలె."

"ఇది మూఢనమ్మకము. మండలి దీనిని గుర్తించదు."

"మీరు గుర్తించకుంటే మానె సార్. పైనున్నోడు గుర్తిస్తడు గద."

లైట్లు ఆపేవాడు ఆపలేదు. కెమెరా తీసేవాడు తీయలేదు. ఎవరూ కదల్లేదు. పైడమ్మ స్టూలు మీద నుంచి లేచింది. "బాబూ, తమరు సదువుకున్నోరు. మొదటి వారం ఈ ఏసం ఏసినాయన నవ్వకుండా ఎల్లి కాలిరగ్గొట్టుకున్నాడు. మీ ఇంటికాడ అమ్మగారుంతారు కదా. ఒక్క నవ్వు నవ్వీసి ఎల్లండి, మీ సొమ్మేటి పోద్ది?"

ఆయన బయటికి వెళ్లిపోయారు. కారు తలుపు పడిన చప్పుడైంది. కానీ కారు కదిలిన చప్పుడు రాలేదు. మేం వాకిట్లోకెళ్లి చూశాం. డ్రైవరు కిందికి దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల జరిగిందంతా అతను కిటికీలోంచి చూశాడు.

"బండి తీయవేమి?"

"తీయను సార్."

"పెట్రోలు లేదా?"

"ఉన్నది సార్. పిల్లలు గూడ ఉన్నరు సార్, నాకు. మీరు నవ్వి రాండ్రి, పోదాం."

పరాంకుశరావుగారు కాసేపు కారులోనే కూర్చున్నారు. తరువాత దిగి, బస్టాపు ఎటువైపుందని గుమస్తాను అడిగారు. అడిగిన వెంటనే ఆ కాలు సంగతి గుర్తొచ్చింది కాబోలు, ఆగిపోయారు. నెమ్మదిగా, అడుగు చూసి అడుగు వేస్తూ సెట్లోకి తిరిగొచ్చి కెమెరా ముందు కూర్చున్నారు.

"కానివ్వండి" అన్నారు.

ప్రయత్నించారు. పళ్లు వచ్చాయి, నవ్వు రాలేదు. "ఇది చాలునా?" అన్నారు. శ్రీశైలం తల అడ్డంగా ఊపాడు. మళ్లీ ప్రయత్నించారు. నుదుటి మీద చెమట పట్టింది. అప్పుడు మొదటిసారి ఆయన గొంతులో ఉత్తర్వు భాష పోయింది. "నాకు అలవాటు లేదయ్యా" అన్నారు. "కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి నవ్వాను. పెద్దసారు ఎందుకు నవ్వావో రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ఆ తరువాత మళ్లీ నవ్వలేదు."

నాకు ఆయన మీద కోపం ఉండాలి. లేకపోయింది. నా రోగమే ఆయనకూ ఉంది. నాకు పట్టుకుని రెండు రోజులైతే ఆయనకు సర్వీసంతా పట్టుకుని ఉంది.

తలా ఒక జోకు చెప్పారు. మేకప్ మ్యాన్ ఏనుగూ చీమా జోకు చెబితే, ఆ ఏనుగు అటవీ శాఖదా, దేవస్థానానిదా అని అడిగారు. చక్రపాణిగారు రెండోసారి విగ్గు తీశారు. పరాంకుశరావుగారు దాన్ని చేతిలోకి తీసుకుని, "నాణ్యమైనదే" అని తిరిగిచ్చేశారు. ఇక చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. "ఏదైనా చదివి వినిపించండి. నాకు ఫైళ్లు చదివించుకుని వినడం అలవాటు" అన్నారాయన.

సెట్లో పుస్తకం లేదు. బీరువాలో ఉన్నవి అట్టముక్కలు. చదవడానికి సరిపడా ఉన్నది గోడ మీద సవరణ ఉత్తర్వు ఒక్కటే. అందరూ నా వైపు చూశారు. దాని ముందు ఎక్కువ కాలం పడుకున్నది నేనే గదా! దించి, వార్తలు చదివినట్టు చదవడం మొదలుపెట్టాను.

"విషప్రయోగ శవము చిరునవ్వు నవ్వవలెను. నీట మునిగిన శవము నోరు మూసికొని నవ్వవలెను. గోనెసంచిలో లభించిన శవము సంచి విప్పిన పిదప మాత్రమే నవ్వవలెను. తలలేని శవము విషయమున నవ్వు బాధ్యత మొండెమునకే చెందును. తదుపరి తల లభించిన యెడల..."

అక్కడ నా గొంతు ఒకసారి జీరబోయింది. పట్టుకున్నాను.

"...తల లభించిన యెడల సదరు బాధ్యత తలకు బదలాయింపబడును. మొండెము తక్షణమే నవ్వు మానవలెను."

ఇక నా వల్ల కాలేదు. నవ్వు కడుపులో ఎక్కడో మొదలై, పక్కటెముకలు పట్టుకుని పైకి పాకి బయటికొచ్చింది. కాగితం పట్టుకుని అలాగే నేల మీద కూలబడ్డాను. శ్రీశైలం కెమెరా మీద వాలిపోయాడు. చక్రపాణిగారికి పొలమారింది. పళ్లు చూసే గుమస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మూలకు తిరిగాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ ఉత్తర్వుకు శుభ్రమైన ప్రతి రాసింది అతనేనట.

"ఇందులో నవ్వవలసినదేమున్నది?" అన్నారు పరాంకుశరావుగారు ఎంతో బాధగా. దాంతో మరీ ఆగలేకపోయాం.

కళ్లు తుడుచుకుని చూసేసరికి పైడమ్మ క్యారియర్ విప్పి కూర్చుంది. నన్నే చూస్తూ ముద్ద కలుపుతోంది. "ఇదీ నాది" అని నోట్లో పెట్టుకుంది. చింతకాయ పచ్చడన్నం. అంత ఆనందంగా ఎవరైనా తినడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆయన మాత్రం నవ్వకుండానే వెళ్లారు. డ్రైవరు ఇక చేసేది లేక దేవుడికి దణ్ణం పెట్టుకుని, బండిని నడక కంటే నెమ్మదిగా పోనిచ్చాడు. ఆదర్శ నవ్వు ఏ చానెల్‌కూ రాలేదు, ఆయనే ఆపించారు. మర్నాటికల్లా శవాల నవ్వు నిబంధన 'పునఃపరిశీలన నిమిత్తం' నిలిచిపోయింది. నేను మళ్లీ నోరు మూసుకుని చస్తున్నాను, లేచి నవ్వుతున్నాను. పళ్లపొడి వాళ్లు వెళ్లిపోయి బీమా వాళ్లు తిరిగొచ్చారు. అల్లుడు దార్లో పడ్డాడని మా అత్తగారు సంతోషించింది.

కానీ రోజూ సాయంత్రం నాకు ఒక ఫోన్ వస్తుంది.

"అప్పలనరసయ్యగారూ, ఇవాళ కూడా రాలేదండీ." పరాంకుశరావుగారు ఆ రోజు నుంచి గడప దాటలేదు. మెట్లు దిగడం మానేశారు. స్నానాల గదిలో గోనెపట్టా పరిపించుకున్నారు.

"కంగారు పడకండి సార్, వస్తుంది" అంటాను.

నిన్న పైడమ్మ పక్కనే ఉంది. "ఆ బాబు ఇంట్లో అమ్మగారు తింతన్నారో నేదో అడుగు" అంది. అడిగాను. "నేను నవ్వని సంగతి డ్రైవరు మా ఆవిడకు చెప్పాడట" అన్నారు. "పళ్లు, పాలే తీసుకుంటోంది. చెప్పినా వినదు."

పైడమ్మ ఫోన్ లాక్కుంది. "అమ్మగారికియ్యండి బాబూ." అవతల ఎవరో మెల్లటి గొంతుతో పలికారు. "అమ్మా, మా ఆయన ఒక కాయితం సదువుతాడు, ఇనండి" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. నాకు కాగితం అక్కర్లేదు. అప్పటికి కంఠతా వచ్చేసింది. తలలేని శవం దగ్గర మొదలుపెట్టాను. తల దొరికేసరికి అవతల ఆ తల్లి పగలబడి నవ్వుతోంది. ఎన్నాళ్ల బాకీయో, ఆగడం లేదు. వెనక ఆయన గొంతు వినిపించింది.

"ఎందుకు, కాంతం? అందులో ఏముంది?"

"మొండెం ఎలా నవ్వుతుందండీ?" అందావిడ, ఊపిరి అందక.

"అదేమిటి, బాధ్యత అప్పగించాక అది ఎలాగైనా..." అని మొదలుపెట్టి ఆయన ఆగారు. ఆలోచిస్తున్నారని తెలుస్తోంది. మొండెం ఎలా నవ్వుతుందో జీవితంలో మొదటిసారి ఊహించుకుంటున్నారు. తరువాత ఒక చప్పుడు వచ్చింది. చాలా ఏళ్లుగా తీయని ఇనప గేటును ఎవరో తోసినట్టు కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. తరువాత గేటు పూర్తిగా తెరుచుకుంది.

చాలాసేపటికి ఫోన్ ఆయన చేతికి వచ్చింది. ఆయాసపడుతున్నారు.

"అప్పలనరసయ్యగారూ, ఇది... ఇది నవ్వేనంటారా?"

"నవ్వే సార్" అన్నాను. "ఈ శవం ఆరోగ్యంగా ఉంది."